ఒళ్ళు విదిలించని పొట్టేలు

మా నాయన కిడ్నీలో రాయి చేరింది. అది కోత లేకుండా పడిపోతే అమ్మవారికి పొట్టేలునిస్తానని ఆయన మొక్కుకున్నారు. మొక్కు బాగానే ఉంది కానీ పొట్టేలు ఆయనది కాదు, మా అవ్వది. తల్లి చచ్చిపోయిన పిల్లను తెచ్చి, సీసాతో పాలు పట్టి పెంచుకుంది. రాయి పడిపోయిన రోజు ఇంట్లో అందరూ సంతోషిస్తుంటే అవ్వ ఒక్కతే కొడుకును పట్టుకుని తిట్టింది.

"నీ రాయికీ నా పొట్టేలుకీ సంబంధమేంది రా?"

మా దుత్తలూరు వైపు మొక్కు జంతువు మీద పసుపునీళ్ళు పోస్తారు. అది ఒళ్ళు విదిలిస్తేనే అమ్మవారు ఒప్పుకున్నట్టు. అంతవరకూ కత్తి ముట్టరు.

మొక్కు తీర్చే రోజు చుట్టాలు దిగారు. మసాలా నూరడం కూడా అయిపోయింది. నాయన చెంబు ఎత్తారో లేదో, ఒక్క చుక్క పడకముందే పొట్టేలు గజగజ వణికింది.

"చూసినారా! తల్లికి ఎంత ఆత్రంగా ఉండాదో!" అన్నారు నాయన.

అవ్వ అందర్నీ తోసుకుంటూ వచ్చి దాని చెవి ఎత్తింది. లోపల రక్తం తాగి ఆముదం గింజలంత ఉబ్బిన పిడుదులు.

"ఆత్రం కాదురా, జరం! ఒళ్ళు కాలిపోతా ఉండాది. నిన్నట్నించి గడ్డి ముట్టలా."

వణకడం వేరు, విదిలించడం వేరని అవ్వ. రెండూ కదలడమేగా అని ఆకలి మీదున్న చుట్టాలు. ఈ గోలలో నేను ఆత్మకూరు పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను.

ఆయన వచ్చి పొట్టేలు కనురెప్ప కిందికి లాగారు. లోపల తెల్లగా పాలిపోయి ఉంది. చెవి నుంచి రక్తం చుక్క తీసి గాజుపలక మీద పూశారు. పిడుదు కుట్టినప్పుడు కంటికి కనపడని పురుగు రక్తంలోకి ఎక్కుతుందనీ, ఇది ఆ జబ్బులాగే ఉందనీ చెప్పారు.

"రక్తంలోనే కదా సార్? మాంసం బాగానే ఉండాదా?" అని అడిగారు నాయన. ఛీ, ఆయన కొడుకునని చెప్పుకోవడానికి సిగ్గేసింది.

"జబ్బు జంతువును కొయ్యకూడదు. సూది వేసినాక కూడా కొన్ని వారాలు దీన్ని తినకూడదు," అన్నారు డాక్టరు.

"అయితే దినామూ ఒకటి వెయ్యి సామీ," అంది అవ్వ.

చుట్టాలు ఆ మసాలాతో వంకాయ కూర తిని, మూతులు ముడుచుకుని వెళ్ళారు.

జరం తగ్గింది. పిడుదులు మళ్ళీ పట్టకుండా డాక్టరు చెప్పిన రోజుల్లో మందునీళ్ళతో ఒళ్ళు తడిపాం, దొడ్డి గోడల నెర్రెలు మట్టితో పూడ్చాం. మందు లేని రోజుల్లో కూడా అవ్వ పొద్దున్నే దాని మీద నాలుగు చెంబుల మంచినీళ్ళు పోసేది. ముసలామెకు శుభ్రం ఎక్కువైందనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

గడువు దాటింది. మళ్ళీ చుట్టాలు, మళ్ళీ మసాలా. నాయన చెంబుడు నీళ్ళు పోశారు. పొట్టేలు హాయిగా కళ్ళు మూసుకుంది. రెండో చెంబుకు నెమరేసింది. బిందె ఎత్తి కుమ్మరిస్తే మెడ చాచి రెండో వైపు తిరిగింది, అక్కడ కూడా పొయ్యమన్నట్టు.

"ఒక్కసారి విదిలించు తండ్రీ, నీకు దండం పెడతా!" అని నాయన దాన్ని బతిమాలారు.

అది వినలేదు. అరగంటకు తడిసి ముద్దయిన మా నాయనే గజగజ వణికారు.

"తల్లి ఒప్పుకునింది రా!" అని అవ్వ చప్పట్లు కొట్టింది. "కానీ పొట్టేలుని కాదు, నిన్ను!"

చుట్టాలు పడీపడీ నవ్వారు. కొబ్బరికాయ కొట్టి, అమ్మవారికి ఇష్టం లేదని తేల్చి, తిండికి లోపలికి వెళ్ళారు. ఆ రోజు కూడా వంకాయే.

అరుగు మీద నాయన తల తుడుచుకుంటున్నారు. పొట్టేలు మెల్లగా వచ్చి ఆయన ముందు నిలబడి, తల నుంచి తోక దాకా దడదడమని ఒళ్ళు విదిలించింది. నీళ్ళన్నీ ఆయన ముఖాన పడ్డాయి.

నాయన గోడవారనున్న కత్తి వైపు చూశారు. లోపల నవ్వుతూ వడ్డిస్తున్న అవ్వ వైపు చూశారు. చివరికి నా వైపు చూశారు.

"నువ్వేమీ చూళ్ళా."

"చూళ్ళా నాయనా."

ఆయన తువ్వాలుతో పొట్టేలు వీపు తుడిచి, చెవి ఎత్తి పిడుదులేమైనా ఉన్నాయేమోనని వెతికారు.