మిరపకాయల వెనక దోసెల పిండి

పోయిన నెలలో ఒక ఆదివారం పొద్దున కాఫీకి పాలు తీద్దామని ఫ్రిజ్ తలుపు తెరిస్తే లోపల దీపం వెలగలేదు, చల్లదనమూ తగల్లేదు. పాలు విరిగిపోయి, కొత్తిమీర కట్ట వాడి వడలిపోయి, మా మనవరాలు దాచుకున్న ఐస్‌క్రీము పాయసమై కింది అరలోకి కారిపోయి ఉంది. మెకానిక్ వచ్చి వెనక్కి వెళ్లి చూసి, ముందుకొచ్చి చూసి, దీనికి వైద్యం చేయించేకన్నా కొత్తది కొనుక్కోవడం నయమని తేల్చేశాడు. మావారు ఆ సంగతులన్నీ మీరే చూసుకోండంటూ పేపరు పట్టుకుని, మనవరాలికి కాపలాగా ఇంట్లో ఉండిపోతే, ఆ సాయంత్రం మా అబ్బాయీ, కోడలూ, నేనూ కలిసి గుంటూరు లక్ష్మీపురంలో ఒక దుకాణానికి వెళ్లాం.

మా కాలంలో ఫ్రిజ్ కొనడమంటే ఎరుపా, నీలమా అని తేల్చుకోవడమే కదండీ. ఇప్పుడలా కాదు. పైన ఐసు పెట్టె ఉన్నవీ, కింద ఉన్నవీ, బీరువాలాగా పక్కపక్కన రెండు తలుపులున్నవీ, తలుపు తీయకుండానే నీళ్లు పోసేవీ వరసగా నిలబెట్టారు. దుకాణంలో మా వయసుకు దగ్గరగా ఉన్న ఒకావిడ ఓపిగ్గా ఒక్కొక్కటీ తెరిచి చూపిస్తుంటే, మా అబ్బాయి ఆ బీరువాలాంటి దాని ముందు నిలబడి కదల్లేదు. అది మా వంటింటి గుమ్మంలోంచి పట్టదురా నాయనా, హాల్లో పెట్టి వచ్చేపోయేవాళ్లకు చూపించుకోవాల్సిందే అని నేను నవ్వాను. నా మటుకు నాకు అలవాటైన ఒంటి తలుపుదే నచ్చింది. "నిలవ కూరలు నాకు సయించవండీ. పాలూ, పెరుగూ, నాలుగు కూరగాయలూ పెట్టుకోవడానికి ఇంత మేడ ఎందుకు?" అని కాస్త గట్టిగానే అన్నాను.

అన్నాక నాకే ఉలిక్కిపాటు కలిగింది. ఆ మాట నాది కాదు, మా అత్తగారిది. ఆ విరుపు కూడా ఆవిడదే.

నేను కాపరానికి వచ్చిన కొత్తలో మేము బ్రాడీపేటలో ఉండేవాళ్లం. మావారు పొగాకు కంపెనీలో పనిచేస్తూ నెలకు సగం రోజులు ఒంగోలు వైపు క్యాంపుల్లో గడిపేవారు. మామగారు మిర్చి నిలవచేసే కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. మిరపకాయల టిక్కీలు, అంటే ఆ కుట్టిన గోనెబస్తాలు, కొండల్లా పేర్చిన ఆ చలిగదుల్లోకి కొత్తవాళ్లెవరైనా అడుగుపెడితే తుమ్ములతో తిరిగొచ్చేవాళ్లు కానీ, ఆయన మాత్రం పూలతోటలో తిరిగినట్టు తిరిగి వచ్చేవారు. అన్నేళ్ల కొలువులో ఆయన ముక్కుకీ నాలుకకీ ఘాటు అనేదే తెలియకుండా పోయింది. కూరలో కారం ఎంతుందో ఆయన్ను అడగడం దండగని మా ఇంట్లో ఒక వేళాకోళం.

అత్తగారిది మడి వంట. తెల్లవారకముందే స్నానం చేసి, ఆరేసిన మడిచీర కట్టుకుని, పొద్దుటి వంట ఎవరినీ ముట్టుకోనివ్వకుండా ఆవిడే చేసేది. ఉదయం వండింది సాయంత్రానికి నిలవ కిందే లెక్క. మామగారికి రాత్రిపూట అన్నం లేదు, ఫలహారమే. అదీ ఏడింటికల్లా ఆకులో ఉండాలి. ఆవిడ మాత్రం మడి లేని చేతి ఫలహారం ముట్టక, ఇన్ని అటుకులూ మజ్జిగా పుచ్చుకుని పడుకునేది. మణికట్టు నొప్పివల్ల రుబ్బడం ఆవిడ చేతకాదు కనుక రుబ్బురోలూ, అట్లపెనమూ నా వంతు అయ్యాయి.

పెళ్లయిన రెండో ఏట నాకు చిలకలూరిపేట అవతల ఒక ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది. పొద్దున ఏడింటి బస్సు, తిరిగి ఇల్లు చేరేసరికి ఆరు. అత్తగారు వద్దనలేదు. వెళ్లమనీ అనలేదు. "నీ ఇష్టం అమ్మాయ్. ఆయన పస్తు పడుకున్న రోజున మాత్రం ఉద్యోగం సంగతి మళ్లీ మాట్లాడుకుందాం" అంది, వత్తులు చేసుకుంటూ. మంచిగా అన్న మాటే అయినా బస్సు ఆలస్యమైన ప్రతిరోజూ అది నా గుండెల్లో కొట్టుకునేది. రోజంతా పిల్లల ముందు నిలబడి, గంటన్నర బస్సులో వేలాడి, వచ్చీ రాగానే పొద్దున నానబోసిన పప్పు ముందేసుకుని రోటి ముందు కూర్చోవడం మీలో చాలామందికి అనుభవమే అయి ఉంటుంది.

నా అవస్థ చూసి మావారు ఒక ఎర్ర ఫ్రిజ్ తెచ్చారు, ఒంటి తలుపుది. అత్తగారు దాన్ని వంటింటి గడప దాటనివ్వలేదు. "మిరపకాయలు పెట్టే చలిపెట్టెలో అన్నాలూ కూరలూ పెట్టుకుంటారుటే ఎక్కడైనా?" అని, నడవాలో గోడగడియారం కింద చోటు చూపించింది. పాలూ, పూలూ, కూరగాయలూ సరే. వండినదీ, రుబ్బినదీ అందులో కనిపించడానికి వీల్లేదు. నాకు కావలసింది ఆ రెండే. ఆదివారం ఒక్కసారి పిండి రుబ్బి పెట్టుకుంటే మూడు రోజులు తెరిపిన పడతానని నేను కట్టుకున్న ఆశ కాస్తా ఆ గడియారం కింద చల్లబడింది.

అంతలో వేసవి వచ్చింది, కొత్త మిరపకాయలు వచ్చాయి. చలిలో ఉంటే కాయ రంగు దసరాదాకా చెక్కు చెదరదని మామగారు ఒకరోజు మాటవరసకి అన్నారు. అంతే! మర్నాడు నేను బడి నుంచి వచ్చేసరికి ఏడాదికి సరిపడా ఎండుమిరపకాయలు గుడ్డసంచుల్లో ఫ్రిజ్ నిండా కూర్చుని ఉన్నాయి. అంత ఖరీదు వస్తువుకి ఇన్నాళ్లకి సరైన పని దొరికిందని అత్తగారి ముఖంలో తృప్తి. గుంటూరువాళ్లు తప్ప ఇంకెవరూ చేయని ఆ పని ఫలితం రెండు రోజుల్లో తెలిసింది. పాలు ఘాటు, పెరుగు ఘాటు, తలుపు తీస్తే తుమ్ములు. వచ్చిన చుట్టానికి సేమ్యా పాయసం పెడితే ఆయన కళ్లనీళ్లు తుడుచుకుంటూ లేచాడు. మామగారు మాత్రం ఆ పెరుగన్నమే జుర్రుకుంటూ ఘాటా, ఎక్కడా అని మమ్మల్నందర్నీ వింతగా చూసేవారు.

నాకు ఆ సంచుల్లోనే దారి దొరికింది. మూడు రోజుల పిండి ఒక్కసారే రుబ్బి, స్టీలు గిన్నెలో పోసి, మధ్య అరలో మిరపకాయల సంచి వెనక దాచేశాను. సాయంత్రం అత్తగారు దేవుడి దగ్గర దీపం పెట్టుకుంటున్నప్పుడు గిన్నె తీసి దోసెలు పోసేదాన్ని. రోలు మూగబోతే అనుమానం వస్తుందని కాసేపు ఉత్తి పచ్చడి రుబ్బి చప్పుడు వినిపించేదాన్ని. తప్పే, కాదనను. కానీ ఆ దొంగతనం లేకపోతే నా ఉద్యోగం ఆ వేసవి దాటేది కాదు.

సెలవులైపోయి బడులు తెరిచాక ఒక బుధవారం, చిలకలూరిపేట దగ్గర రోడ్డుకడ్డంగా దూది బేళ్ల లారీ తిరగబడింది. ముందు బస్సులు, వెనక బస్సులు, మధ్యలో నేను. ఆరైంది, ఏడైంది. ఇంట్లో ఫోను లేదు, మావారు క్యాంపులో ఉన్నారు. తెల్లటి దూది రోడ్డంతా ఎగురుతుంటే జనం నవ్వుతూ చూస్తున్నారు. నేను మాత్రం మామగారు ఖాళీ ఆకు ముందు కూర్చున్నట్టు ఊహించుకుని ఏడ్చేశాను. రేపటి నుంచి ఈ బస్సు ఎక్కనని నాకు నేనే చెప్పేసుకున్నాను కూడా.

ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటింది. మామగారు పడకకుర్చీలో తాంబూలం నములుతూ కనిపించారు. వంటింట్లో అట్లపెనం కడిగి బోర్లించి ఉంది. నా స్టీలు గిన్నె కూడా కడిగి, దాని పక్కనే. అత్తగారు వత్తులు చేసుకుంటూ తలెత్తకుండానే అంది: "దోసె నోటికి కాస్త ఘాటు తగిలిందే అమ్మాయ్. రేపు ఆ మిరపకాయలు తీసి కుండలో పోసెయ్."

మర్నాడు మిరపకాయలు కుండలోకి వెళ్లాయి, మధ్య అర నాదైంది, ఆ అరను పట్టుకునే నేను ముప్పై రెండేళ్లు బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యాను.

ఇదంతా దుకాణంలో నిలబడి తలుచుకుంటుంటే మా కోడలు ఏం చేస్తోందో ఆలస్యంగా చూశాను. చేతిసంచిలోంచి ఇంటి టిఫిను డబ్బా ఒకటి తీసి, ప్రతి ఫ్రిజ్ ఐసు పెట్టెలోనూ పెట్టి, జానతో కొలుస్తోంది. కింద ఐసు అర ఉన్న ఒకదాని దగ్గర ఆగి, వేళ్లు మడుచుకుంటూ ఆరు అనుకుంది. ఆరు డబ్బాలేమిటమ్మా అని అడిగాను. తడబడింది. మా అబ్బాయి వంక చూసి, ఇక తప్పదన్నట్టు చెప్పింది: "ఆదివారమే వండి పెట్టేస్తే సోమవారం నుంచి శనివారందాకా సరిపోతాయి అత్తయ్యా. చిలకలూరిపేట స్పిన్నింగు మిల్లులో దూది పరీక్ష చేసే ల్యాబ్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. రేపటిలోగా చెప్పమన్నారు. మీకేమో నిలవ కూరలు పడవు, మోకాళ్లేమో అలా ఉన్నాయి... వద్దని చెప్పేద్దామనుకుంటున్నానండీ."

పెళ్లికి ముందు చేసి, పాప పుట్టాక మానేసిన పని అది. మళ్లీ అదే రోడ్డు, అదే పేట. మొన్నీమధ్య భోజనాల దగ్గర నిలవ కూరల గురించి నేను చెప్పిన ఉపన్యాసం గుర్తొచ్చి సిగ్గేసింది. నా దగ్గర దాచుకోవడానికి పాపం ఆ పిల్లకి మిరపకాయల సంచి కూడా లేదు. దుకాణం ఆవిడ వైపు తిరిగి, "ఆ కింద ఐసు అర ఉన్నదే ఇవ్వండి. రోజూ తీసేవన్నీ పైన చేతికందుతాయి, నాకు వంగే బాధ లేదు" అన్నాను. కోడలితో మాత్రం, "రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే ఫోను చెయ్. ఆదివారం గోంగూర నేను వలిచి పెడతాను" అన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నాక్కూడా.

కొత్త ఫ్రిజ్ తిన్నగా వంటింట్లోకే వచ్చింది. డబ్బాల మీద కోడలు వారాల పేర్లు రాసి అంటించింది. ఉద్యోగంలో చేరిన మొదటి సోమవారం మధ్యాహ్నం నేను 'సోమవారం' డబ్బా తీసి, వెచ్చబెట్టి, మావారికి వడ్డించి, గోంగూర పప్పు కలుపుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. బాగుంది. కాకపోతే ఎక్కడో సన్నగా ఒక చలివాసన. అది తగలగానే రెండో ముద్ద చేతిలోనే ఆగిపోయింది.

దోసె నోటికి ఘాటు తగిలిందని అత్తగారికి ఎవరు చెప్పారు? మామగారే అయి ఉంటారని ఇన్నేళ్లూ అనుకున్నాను, ఇంట్లో ఉన్నది వాళ్లిద్దరే కనుక. కానీ మిరపకాయల మధ్య బతికిన ఆయనకి ఘాటెలా తెలుస్తుంది? ఆవిడే తిన్నది. అటుకులూ మజ్జిగా తప్ప రాత్రిపూట ఏదీ ముట్టని మనిషి, మూడు రోజుల నాటి నా దొంగపిండితో, నొప్పి చేత్తో దోసెలు పోసి, ఆయనకు పెట్టి, తనూ తిన్నది.

ఆ రోజుల్లో సరే అనడానికి కూడా ఎంత చాటు కావలసి వచ్చేదో! దోసె ఎలా ఉందత్తయ్యా అని నేనూ ఆవిడను ఎన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదామన్నా ఆవిడ లేదు. సాయంత్రం ఆరు దాటాక మా కోడలు బస్సు దిగి, చీర మీద దూదిపోగులతో గుమ్మంలోకి వచ్చింది. ఆ పిల్ల చెప్పులు విడవకముందే, అడగకముందే, పప్పు చాలా బాగుందని చెప్పేశాను.