పీట మీది కలరా విషం

మా ప్రొఫెసర్‌గారు ఫ్రిజ్‌లో కూడా పెద్దరికాలు పాటించేవాడు. మామూలు మందులు కింద అరల్లో, ఆయన దృష్టిలో గొప్పవి పైన గడ్డకట్టే అరలో. ఆ అరకో తాళం. తాళంచెవి ఆయన జేబులో. ఎనభైల్లో విశాఖలోని ఆ ల్యాబులో నాతోపాటు రీసెర్చ్ చేసిన ఒకమ్మాయి చదువు ఆ అరలోనే మట్టిగొట్టుకుపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆమె అచ్యుతాపురం వైపు రైతుల ఇంటి పిల్ల. కలరా సూక్ష్మజీవి వదిలే విషం పేగుచేత అన్ని నీళ్ళు ఎలా కక్కిస్తుందో తేల్చడమే ఆమె థీసిస్. దానికోసం శుద్ధిచేసిన ఆ విషం ఒక చిన్న సీసాలో విదేశం నుంచి మద్రాసు వచ్చింది. తనే వెళ్ళి తెచ్చుకుంది. రైల్లో ఒళ్ళో థర్మాస్, అందులో ఐసు, ఐసు తగలకుండా సీసా చుట్టూ గుడ్డ. ఆ సరుకు చల్లగా ఉండాలి గానీ గడ్డకట్టకూడదు, కడితే ఇక పనిచెయ్యదు. ఐసు కరిగినప్పుడల్లా స్టేషన్లో సోడా కొట్లవాళ్ళని బతిమాలుకుంటూ వచ్చింది. ఆమె ఫెలోషిప్ ఆ ఏడాదితో సరి. మరో సీసా వచ్చే దారి లేదు.

దసరాకి ఆమె ఊరెళ్ళింది. సారు ఫ్రిజ్ కడిగించి, ఆయుధపూజకి మైక్రోస్కోపుతోపాటు ఆ సీసానీ పీట మీద పెట్టి బొట్టు పెట్టాడు. అందులో తప్పేమీ లేదు, మా ఇంట్లో కుట్టుమిషనుకీ పెడతాం. పూజయ్యాక ఆ మహానుభావుడు దాన్ని స్వయంగా తీసుకెళ్ళి పై అరలో పెట్టి తాళం వేశాడు. వద్దు సార్ అన్నాను. అమ్మవారి ముందు పెట్టింది కూరగాయల్లా కింద అరలో ఉంటుందా అని నన్నే కసిరాడు. ఆపైన పోర్టు ఆఫీసరెవరైనా వస్తే చాలు, అర తెరిచి చూపించి, ఒక్క చుక్క పడితే ఊరంతా ఖాళీ అని కోతలు కోసేవాడు. విన్నవాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. వాళ్ళకీ అంతే తెలుసు.

ఆమె తిరిగొచ్చేసరికి సీసాలో గడ్డ. ఇక ఇది పనికిరాదని చెప్పింది. ఆయన వినలేదు. బయటి నుంచి పరీక్షకుడొస్తున్నాడు, ప్రయోగం చేసి చూపించాల్సిందే అన్నాడు. చేసింది. కుందేలుకి మత్తిచ్చి పొట్ట కోసి, పేగులో ఒక ముక్కని రెండువైపులా కట్టి అందులోకి ఆ విషం ఎక్కించింది. తెల్లారేసరికి అది నీళ్ళతో ఉబ్బి తిత్తిలా ఉండాలి. తడిసిన వత్తిలా పడుంది. ఆ పరీక్షకుడి ముందే సారు, ఈ పిల్ల చేతిలో పనితనం లేదని తేల్చేశాడు. తాళం ఊసే ఎత్తలేదు. ఫెలోషిప్ పొడిగించలేదు. థీసిస్ అక్కడితో ఆగిపోయింది. సామాన్లు సర్దుకుంటూ ఆమె నాతో ఒకే మాట అంది.

"సచ్చిన విషం కోసం బతికున్న కుందేల్ని కోయించేడన్నా."

మరుసటి దసరాకి సర్టిఫికెట్ల కోసం వచ్చింది. అప్పటికి ద్వారకా నగర్‌లో ట్యూషన్లు చెప్పుకుంటోంది. ల్యాబులో పూజ జరుగుతోంది. పీట మీద అదే సీసా, దానికి కొత్త బొట్టు. దాన్ని చూసింది. గొంతు పెంచకుండా అంది.

"దీనికి మల్లీ పూజేటి సార్? దినం సెయ్యాలి గానీ. నా థీసిస్‌కి కూడా కలిపి సేసేయండి."

సారు సీసా ముందు కర్పూరం వెలిగించాడు.