బావ ఏమీ అనలేదు

మా అక్క మొగుడికీ నాకూ మామూలు మాటలు తక్కువ. నగరిలో బస్సు దిగి వాళ్ల గడప తొక్కీ తొక్కకముందే మొదలుపెడతాడు. "వచ్చినావా దొరా! తిరుపతిలో నీకు కూడు పెట్టేది మానేసినారా?" అంటాడు. నేను ఆయన బట్టతల మీద ఒకటి విసురుతాను. అక్క ఇద్దరినీ కలిపి తిడుతుంది. ఆ తిట్లు పడ్డాకే నాకు మంచినీళ్లు.

నేను తిరుపతిలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకుంటాను. బావది పవర్‌లూమ్ షెడ్డు. చీర అంచుల డిజైన్లు తనే ఒక ముసలి కంప్యూటర్లో గీస్తాడు. ఆ డిజైన్ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఎప్పుడో దుకాణం ఎత్తేశారు. ఆ ఒక్క కంప్యూటర్లో తప్ప అది ఇంకెక్కడా తెరుచుకోదు. బావ ఇన్నేళ్లుగా గీసిన అంచులన్నీ అందులోనే ఉన్నాయి. అదేమో ఈ మధ్య ఒకసారి లేస్తే ఇంకోసారి లేవడం లేదు.

ఆ సంగతి వినగానే నా నోరు ఊరుకోలేదు. అప్పటికి కొద్దిరోజుల ముందే అరచేతిలో పట్టే చిన్న బోర్డు కంప్యూటర్ ఒకటి కొని, దాని మీద హైపర్‌వైజర్ ఎక్కించాను. ఒక్క కంప్యూటర్ లోపలే వేర్వేరు కంప్యూటర్లను నడిపించే సాఫ్ట్‌వేర్ అది. ఒకే ఇంటిని వాటాలు చేసి అద్దెకిచ్చినట్టు. ఇంట్లో దానిమీద ఒక చిన్న లైనక్స్ పెట్టి చూస్తే చకచకా నడిచింది. ఆ గర్వం నాకు అప్పటికింకా దిగలేదు.

"నీ డబ్బాను ఉన్నదున్నట్టు ఎత్తి దీంట్లో పెట్టేస్తా బావా. ఇంక అది చచ్చినా నీకు దిగుల్లేదు," అని సంచిలోంచి బోర్డు తీసి చూపించాను.

"ఇంతే ఉండాది. నా డిజైన్లన్నీ దీంట్లో పడతాయా?"

"నీ తలకాయలో పట్టినవి దీంట్లో పట్టవా?"

బావ పకపకా నవ్వాడు. నమ్మాడు కూడా. అక్కే సందేహపడింది. చెన్నై వ్యాపారి ఒకాయన కొత్త అంచు కోసం ఎదురుచూస్తున్నాడు. బావ దాన్ని గీయడం పూర్తిచేశాడు గానీ ఆ డిజైన్ ప్రకారం చిల్లులు కొట్టి మగ్గానికి కట్టే అట్టలు ఇంకా చేయించలేదు. "అట్టలు కొట్టించినాక చేయరాదా?" అంది అక్క. గంట పనేనని నేనే తీసిపారేశాను.

బావ పక్క షెడ్ల వాళ్లను కూడా పిలిచాడు. "మా బామ్మర్ది పనితనం సూద్దురు రాండప్పా," అని నూలు మూటల మీద కూర్చోబెట్టాడు. నేను పాత కంప్యూటర్ విప్పి, డిస్కు తీసి, నకలు చేసుకుని, మళ్లీ బిగించాను. ఆ నకలును బోర్డులోకి ఎక్కించి నడిపించాను.

పాత కంప్యూటర్ ప్రాసెసర్ ఒక జాతి, నా బోర్డుది ఇంకో జాతి. దానికోసం రాసిన ప్రతి ఆదేశాన్నీ ఇది తన భాషలోకి మార్చుకుంటూ పోవాలి. ఈ ముక్క నేను పిల్లలకు పాఠంగా చెప్పినవాణ్ణే. అయినా గొప్పలు చెప్పేటప్పుడు గుర్తురాలేదు. తెర వెలిగేసరికే అందరూ టీలు తాగేయడం అయిపోయింది. మౌస్ జరిపితే బాణం తీరిగ్గా వచ్చింది. బావ అంచు సగం కనబడి అక్కడే నిలిచిపోయింది.

"కరెంటు సాల్లేదేమో," అన్నాడొకాయన.

"అవును, చార్జర్ చిన్నది," అన్నాను. అబద్ధం. చార్జర్ సరైనదే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు చెవులు వేడెక్కుతాయి.

"పోనీలే, పాతదే వెయ్యి," అన్నాడు బావ. వేశాను. అది రెండు కూతలు కూసి ఊరుకుంది. మూత తీసి, లోపలి తీగలన్నీ ఊడదీసి మళ్లీ పెట్టాను. తెర నల్లగానే ఉంది. వచ్చినవాళ్లు తలా ఒక పని గుర్తుచేసుకుని లేచారు.

ఇంక బావ వదలడనుకున్నాను. ఏమంటాడో ఊహించి, దానికి జవాబు కూడా సిద్ధం చేసుకున్నాను. బావ మూత బిగించి, చేతులు దులుపుకుని, "అన్నం తినుపో అప్పా, పొద్దుపోయినాది," అన్నాడు. తర్వాత బయటికి వెళ్లి వ్యాపారికి ఫోన్ చేశాడు. "మా మిషనే సెడిపోయినాది సార్," అనడం నాకు వినబడింది. నా పేరు ఎత్తలేదు.

ఆ పని ఇంకో షెడ్డుకు పోయింది. పాత కంప్యూటర్ మళ్లీ లేవలేదు. నకలు నా దగ్గరే ఉంది గానీ, పాత డిస్కులో పాడైన చోట్లు దాంట్లోకీ వచ్చి, ఏ కంప్యూటర్లో వేసినా అంచులు సగంలోనే ఆగిపోతున్నాయి. బావ కొత్త కంప్యూటర్ కొని, పాత చీరలు ముందేసుకుని తన అంచులను తనే మళ్లీ గీసుకుంటున్నాడు.

మొన్న నగరి వెళ్లాను. బావ ఎదురొచ్చి, "రా అప్పా, బాగుండావా?" అని కుర్చీ వేశాడు. అంతే. నేనే ఉండబట్టలేక, "బావా, నన్ను షెడ్డులోకి రానియ్యొద్దు. నేను ముట్టుకుంటే మగ్గాలు కూడా నిలిచిపోతాయి," అన్నాను. ఆ సందు ఇస్తే చాలు, ఒకప్పుడైతే అల్లుకుపోయేవాడు.

బావ నవ్వలేదు. నా భుజం మీద చెయ్యి వేసి, "అట్లనొద్దప్పా. నువ్వు కావాలని చేసినావా ఏంది," అన్నాడు.

వంటింట్లోంచి అక్క తొంగిచూసింది.

"ఏందిరా, ఇంత నిమ్మళంగా ఉండారు? ఎవురో కొత్త మనిషి వచ్చినాడనుకున్నా," అంది.