పేరు పిలిచే ఉద్యోగం

మా అల్లుడు నాగరాజుకు తాడిపత్రి దిక్కు ముగ్గురాయి గనిలో సేఫ్టీ పని ఇస్తామన్న దినం నుంచి మా ఇంట్లో జీతం మాట తప్ప వేరే మాట లేదు. నెలకు ఏడు నూర్లు. ధర్మవరంలో నేనూ నా కూతురు సుశీలా రెండు మగ్గాల మీద పొద్దంతా కూర్చున్నా దాంట్లో సగం రాదు. నాగరాజు కోలారు దిక్కు గనుల్లో మూడేండ్లు ఉండి, పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టేదీ, గాయాలకు కట్టు కట్టేదీ నేర్చుకున్నవాడు. వెంటనే పోతానన్నాడు.

సుశీలకు ఆరో నెల. ఆమె నన్ను పక్కకు పిలిచి, "రాయి కొట్టేవానికి రెండు నూర్లిచ్చి, చూసుకునేవానికి ఏడు నూర్లు ఎందుకిస్తారమ్మా? ఆయన్నడిగితే చెప్పడు. నువ్వు పోయి చూసి రా. నువ్వు సరే అంటే నేనూ మూట కట్టుకుంటా" అన్నది. మొగుని పేరు పలకరాదని మా ఇండ్లలో ఆచారం. రేషను కార్డు రాయించేటప్పుడు కూడా ఆ పేరు నాతోనే చెప్పించింది.

రెండేండ్ల కింద రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్నాను. ఆ దిక్కు పనికి పోవాలనుకునే వాళ్లకు పనికొస్తుందని చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఇది ఎనభై ఒకటో సంవత్సరం మాట.

నేనూ నాగరాజూ పొద్దున ఆరు గంటల పాసింజరు ఎక్కినాము. గుత్తికి టిక్కెట్లు తీసుకుని, జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి గుడ్డలో కట్టుకున్నాము. అనంతపురం దాటినాక రెండు పక్కలా చేన్లు బోడిగా ఉండినాయి. విత్తనం వేసి వాన రాక వదిలేసిన సాళ్లు అట్లే ఎండి ఉన్నాయి. మేసే గొడ్డు లేదు, మనిషి లేడు. రైలుపెట్టెలో మాటలు లేకపోతే ఆ బయలు చూడలేము.

మా ఎదురుగా గుంతకల్లు రైల్వేలో పనిచేసే ఆయన కూర్చుని ఉండినాడు. నాగరాజు పని సంగతి విని, "కువైట్లో మా బామ్మర్ది ఉండాడు. ఆడ సేఫ్టీ వానికి ఇంజనీరు పక్కన కుర్చీ వేస్తారంటప్పా. దుడ్లు మనకు పది రెట్లు. జర్మనీలో ఇంకా ఎక్కువంట" అన్నాడు.

పక్కన అనంతపురంలో ఎక్కిన కోమటామె ఒకతె వక్క కొరుకుతా, "అదేం పనప్పా? ప్రమాదం కాకుండా చూస్తే ఏమీ జరగదు గదా. ఏమీ జరగని నెలకు జీతం ఎట్లా అడుగుతావు?" అన్నది.

"జరిగిన నెలకు అడగలేను గదక్కా" అన్నాడు నాగరాజు. పెట్టెలో అందరూ నవ్వినారు. రైల్వే ఆయన మాత్రం నవ్వలేదు. "ఏ దేశంలో మనిషి ప్రాణానికి ఎంత విలువో, ఆ దేశంలో ఈ పనికి అంత జీతం. మన దిక్కు ఏడు నూర్లిస్తాండారంటే ఎందుకో అడిగి తెలుసుకోండి" అన్నాడు.

తొమ్మిదిన్నరకు గుత్తిలో దిగి టీ తాగి, తాడిపత్రి బస్సు పట్టుకున్నాము. పన్నెండు గంటలకు కండక్టరు ఒక మట్టిరోడ్డు దగ్గర దించినాడు. అక్కడి నుంచి మూడు మైళ్లు నడక. నీళ్లు దొరకవు, వెంట తీసుకుపోవాలి.

మైలు దూరం నుంచే ముగ్గురాయి పొడితో అంతా తెల్లగా మారింది. తుమ్మచెట్లు తెలుపు, గుడిసెల కప్పులు తెలుపు. ఎదురుగా వచ్చిన ఆడవాళ్ల కనురెప్పల మీద కూడా ఆ పొడి ఉండింది. వాళ్లు మమ్మల్ని చూసి, ఎవరని అడగకుండా, "కొత్త సేఫ్టీ ఆయనా?" అన్నారు. అని దారి వదిలి పక్కకు నిలబడినారు.

గని అంటే ఒక పెద్ద నుయ్యి. లోపలికి ఇనుప నిచ్చెనలు. దాని పక్కన రేకుల కింద పాత సేఫ్టీ ఆయన ఖాసిం సాబు కూర్చుని ఉండినాడు. దగ్గు ఎక్కువై పని మానుకుంటున్నాడు. మాకు కుండలో నీళ్లిచ్చినాడు.

"జీతం ఎందుకెక్కువ సాబూ?" అని నేనే అడిగినాను.

"సాయంత్రం దాకా ఉండక్కా. చెప్పేది కాదు, చూసేది" అన్నాడు.

ఐదు గంటలకు గంట కొట్టినారు. సాబు నాగరాజును గని అంచున నిలబెట్టి, తాను వెనక నుంచి ఒక్కొక్క పేరే చెప్పినాడు. నాగరాజు ఆ పేరు లోపలికి గట్టిగా పిలవాలి. ఆ పేరుగలవాడు లోపల నుంచి "ఓ" అనాలి, పైకి వచ్చి మొగం చూపించి పక్కన నిలబడాలి. వచ్చినవాళ్లు ఇండ్లకు పోలేదు. తెల్లటి మొగాలతో వరసగా నిలబడినారు. ఆఖరి మనిషి కూడా వచ్చినాక సాబు ఇంకొక పేరు చెప్పినాడు. "ఓబులేసు."

నాగరాజు పిలిచినాడు. ఎవరూ కదలలేదు.

"ఈయప్ప రాలేదే?" అన్నాను నేను.

"ఐదేండ్లాయె" అన్నాడు సాబు. అప్పట్లో పేర్లు పిలిస్తే మొగం చూసే పద్ధతి లేదంట. ఎవరైనా టీ తాగడానికి ముందే పైకి పోయింటే, స్నేహితులు వాని బదులు "ఓ" అనేవాళ్లంట. ఒకనాడు ఓబులేసు పైకి పోయినాడనుకుని ఒకడు పలికినాడు. అందరూ ఇండ్లకు పోయినారు. తెల్లారి చూస్తే లోపల కప్పు కూలి ఉంది. ఓబులేసు దాని వెనకాల ఉండిపోయినాడు. శవాన్ని కూడా తీయడానికి కాలేదు. "అప్పట్లో పిలిచింది నేనేక్కా. అప్పటి నుంచి ఆయప్ప పేరు కూడా పిలుస్తాము. పలుకు రాకపోతే ఇండ్లకు పోతాము."

"వస్తే?" అన్నాడు నాగరాజు.

సాబు జవాబు చెప్పకముందే లోపల నుంచి "ఓ" అని వినపడింది.

నేను చుట్టూ చూసినాను. వరసలో ఒక్కరి నోరూ తెరిచి లేదు. కొందరు తలగుడ్డలు తీసినారు.

"వస్తే దిగి చూడల్ల" అన్నాడు సాబు నెమ్మదిగా. "గాలే కావచ్చు. కానీ ఒకసారి చూడకుండా నమ్మినాము. ఇంక చూడకుండా ఏదీ నమ్మము. ఏడు నూర్లు దీనికే. నీకు ముందు నలుగురు వచ్చినారు, ఈ కేక విని వెనక్కి పోయినారు. నువ్వూ పోవచ్చు నాయనా, ఎవరూ ఏమనరు."

నాగరాజు నా వైపు చూసినాడు. నేను వద్దని చెయ్యి ఎత్తేలోపల లైటు అడిగి తీసుకుని నిచ్చెన దిగినాడు.

పొద్దు గుంకుతా ఉంది. తెల్లటి మనుషులెవరూ కదలలేదు. కాసేపటికి సాబు అంచున వంగి, "నాగరాజూ" అని పిలిచినాడు. లోపల నుంచి "ఓ" అని వచ్చింది. నా ప్రాణం కుదుటపడింది. "వస్తాండాడు" అంటా కూలబడినాను.

"లెయ్యక్కా. మొగం కనపడనీ" అన్నాడు సాబు.

చాలా సేపటికి నిచ్చెన మీద లైటు కనిపించింది, తర్వాత తల, తర్వాత పొడి కప్పిన మొగం. అది మా నాగరాజు మొగమే. "కూలిన కాడి దాకా పోయి చూసినా సాబూ. ఎవరూ లేరు" అన్నాడు.

"మేము పిలిస్తే పలికితివి గదప్పా?" అన్నాను.

"పిలిచినారా? నాకేమీ వినపడలేదత్తా."

సాబు నన్నొకసారి చూసి, ఇంక ఇండ్లకు పోండని మనుషులకు చెయ్యి ఊపినాడు.

ఆ రాత్రి తాడిపత్రిలో సత్రంలో పండుకున్నాము. మనిషికి రెండు రూపాయలు, చాప వాళ్లే ఇస్తారు. పొద్దున బస్సులో నాగరాజు ఇడ్లీ పొట్లం విప్పకుండా ఒడిలో పెట్టుకుని, "కువైట్ అయితే పది రెట్లేలే అత్తా" అన్నాడు. తర్వాత తనే, "ఆడ ఇట్లా దిగి చూసేది ఉండదేమో. ఈడ సాబు పోతే పిలిచేవాళ్లుండరు. ఆ మనుషులు మళ్లా ఒకరి బదులు ఒకరు పలుకుతారు" అన్నాడు. గుత్తిలో దిగి నేనే రెండు టిక్కెట్లు తీసుకున్నాను. రైలెక్కినాక, "సరే, చేరు" అన్నాను.

ఆ దిక్కు పోయేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. జీతం ఎంత అని అడగండి, ఎందుకు అని కూడా అడగండి. నీళ్లు తీసుకుపోండి.

మధ్యాహ్నం ధర్మవరంలో ఇల్లు చేరినాము. నాగరాజు కాళ్లు కడుక్కోవడానికి పెరట్లోకి పోయినాడు. మగ్గం గుంటలో కూర్చున్న సుశీలకు అంతా చెప్పి, "ఆడ కాపురముంటే పొద్దు గుంకే వేళ నువ్వూ పిలవాల్సి వస్తుంది. ఇప్పుడే అలవాటు చేసుకో" అన్నాను.

సుశీల పెరటి వైపు తిరిగి, పెండ్లయినాక మొదటిసారి, "నాగరాజూ" అన్నది.

"ఓ" అని వినపడింది.

సుశీల చేతిలో నాడె పక్కన పెట్టింది. ఇద్దరమూ లేచి, పెరటి వాకిట్లో ఆ మొగం కనపడేదాకా నిలబడినాము.