బాబాయ్ అన్నది అట్టాగేనండి

ఒక మనిషి పరువు కాజేసి ఏళ్ల తరబడి మోస్తున్నాను. మీతో చెబుతున్నది క్షమాపణ కోసం కాదు. ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్లు మండుతుంది.

ఎనభైల చివర్లో నేనొక రాకెట్ కేంద్రంలో ఇంజనీర్ని. మాది తెనాలి. ప్రయోగంలో మనుషుల వల్ల ఎక్కడ పొరపాటు జరగవచ్చో ముందే అంచనా కట్టడం నా పని. ఇంజన్ పరీక్షకు ముందు చేయవలసిన పనుల జాబితా కూడా నేనే పైకి చదివేదాన్ని. టెక్నీషియన్ దానియేలు గారు ఒక్కొక్కటీ చేసి ‘అయిందండి’ అంటే టిక్కు పెట్టేదాన్ని. ఆయనది బాపట్ల. మా వైపు మనిషని బాబాయ్ అని పిలిచేదాన్ని. ఆయన మాత్రం డ్యూటీలో నన్ను అండీ అనే అనేవారు.

ఒక పరీక్ష రోజున వాల్వు మీద మూత తీయమని చదివాను. ఆయన ఇంకా ముందు పనిలోనే ఉండి ‘అట్టాగేనండి’ అన్నారు. చేస్తానని దానర్థం. తెనాలిలో పుట్టినదాన్ని, నాకు తెలియదా? అయినా టిక్కు పెట్టేసి, తర్వాతి పని చదివి తొందరపెట్టాను. మూత అలాగే ఉండిపోయింది. పరీక్షలో ఇంజన్ పగిలింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

రిపోర్టులో కారణం రాయవలసింది నేనే. కంచే చేను మేసింది. ‘టెక్నీషియన్ అయిందని చెప్పాడు’ అని రాశాను. భయంతో రాశానా? లేదు. నా జాబితాకు ఎవరూ వంక పెట్టకూడదని, ఒట్టి పొగరుతో రాశాను. ఆయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు.

తొంభైల్లో పెళ్లికని రేపల్లె వెళ్తే, మోటార్లు బాగుచేసే కొట్లో కనిపించారు.

“నిజం చెప్పమ్మా, ఆ రోజు నేను అయిందన్నానా? ఎంత తలుచుకున్నా గుర్తురావట్లా.”

“అన్నారు బాబాయ్.”

“అయితే నాదే తప్పులే,” అని స్టూలు తుడిచి నన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించారు. సిగ్గులేకుండా తాగాను.

ఆ తర్వాత ఎన్నో చోట్ల పాఠాలు చెప్పాను. పొరపాటు జరిగితే మనిషిని తిట్టకండి, పని పద్ధతిని చూడండి అని. ఆ మాట కోసం ఇప్పటికీ ఎవరితోనైనా పోట్లాడతాను. కానీ దాని చాటున నన్ను దాచకండి. టిక్కు పెట్టడం పొరపాటే, ఒప్పుకుంటాను. రిపోర్టులో రాసింది అబద్ధం. రేపల్లెలో అన్నది అంతకంటే నీచమైన అబద్ధం. దాంతో ఆయనకు తన మీద తనకున్న నమ్మకం కూడా పోగొట్టాను.

దానియేలు గారు ఇప్పుడు లేరు. ఈ సంగతంతా ముందే ఆయన భార్యకు రాసి పంపాను. ఆవిడ జవాబు రాయలేదు, ఎందుకు రాయాలి? మీరు నన్నేమనుకున్నా సరే. బాబాయ్ ఏ తప్పూ చేయలేదు, చేసింది నేను. హమ్మయ్య, అనేశాను.