మామిడి కొత్తకు ముందే

ఆదివారం మధ్యాహ్నం అయిందంటే శ్రావణికి కాళ్లు ఇంట్లో నిలవవు. ఆటో ఎక్కి దమ్మపేట వెళ్లాలి, చర్చి పక్కనున్న కమ్యూనిటీ హాలులో ఫ్రెంచి నేర్చుకోవాలి. అడవి అంచు గూడెం పిల్లకు ఫ్రెంచి ఎందుకని నవ్వేవాళ్లు నవ్వారు. నవ్వనీ! వారమంతా బట్టల షాపులో చీరలు మడతపెట్టే పిల్ల, ఒక్క పూట తనకిష్టమైంది చేసుకుంటే ఎవరి సొమ్మేం పోయింది?

నేర్పేది సిస్టర్ మరియ. ఆఫ్రికాలో ఫ్రెంచి మాట్లాడే ఊళ్లలో నర్సుగా పనిచేసి, వయసు మీదపడ్డాక తిరిగొచ్చిన మనిషి. ఊరికే కూర్చోలేక ఈ క్లాసు మొదలుపెట్టింది. పాఠం తక్కువ, సంబరం ఎక్కువ. పాటలు పాడించేది, సినిమాలు చూపించేది. అక్కడివాళ్లు కలుసుకున్నప్పుడు రెండు చెంపలకూ ముద్దు పెట్టుకుంటారని చెబితే ఆడవాళ్లంతా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పడీపడీ నవ్వారు. శ్రావణికి వీటన్నిటికన్నా నచ్చింది వేరే ఉంది. ఆమె ఇంట్లో మాట కోయ. షాపులో తెలుగు మాట్లాడితే యాసకు వంకలు పెట్టేవాళ్లు. ఇక్కడ స్కూలు పంతులమ్మ మొదలుకుని బ్యాంకు క్లర్కు దాకా నేర్చుకునేవాళ్లెవరికీ నాలుక తిరగదు. ఇంకెవరు ఎవరిని వెక్కిరిస్తారు? నోరు తెరవడానికి భయం లేని చోటు ఆ పిల్లకు అదొక్కటే దొరికింది.

తండ్రి బొజ్జయ్య గూడెంలో పూజారి. ఏటా మామిడి కొత్త పండగ ఆయన చేతుల మీదుగానే జరుగుతుంది. తొలికాయలు వేల్పుకు పెట్టేదాకా గూడెంలో ఎవరూ మామిడి ముట్టరు. చెట్టు కింద రాలిన కాయను పసిపిల్లలు కూడా దాటుకుని పోతారు. పూజారి ఇంట్లోవాళ్లయితే మరీ నిష్ఠగా ఉండాలి. వాళ్లలో ఒక్కరు ముట్టినా ఆయన చేతి పూజ చెల్లదంటారు. ఈ ఏడు గూడెంలో ఒక ముసలాయన పోవడంతో పండగ వెనక్కి జరిగింది. బజార్లోకి పండ్లు వచ్చేశాయి, గూడెం మాత్రం ఇంకా ఆగి ఉంది.

సరిగ్గా అప్పుడే సిస్టరుకు తార్త్ చేయాలని బుద్ధి పుట్టింది. వెన్న కలిపిన పిండిని పళ్లెంలా పరిచి, అందులో పండ్ల ముక్కలు పేర్చి కాల్చే తీపి అది. ఫ్రాన్సులో ఆపిల్‌తో చేస్తారట. ఇక్కడ ఎవరో తమ తోటలోంచి మామిడిపండ్లు తెచ్చారు. హాలంతా ఘుమఘుమలే. తలా ఒక ముక్క తిని, ఎలా ఉందో ఫ్రెంచిలో చెప్పాలి. వినడానికి సిస్టరు స్నేహితురాలు, ఫ్రాన్సు దేశపు ఆవిడ, హైదరాబాద్ నుంచి వచ్చి ఎదురుగా కూర్చుంది.

శ్రావణి వంతు వచ్చింది. మేం ఇప్పుడే తినం సిస్టర్ అని ఒక్క మాట అంటే అయిపోయేది. సిస్టర్ మరియ ఏమీ అనుకునే మనిషి కాదు. కానీ అంటే, ఎందుకని అడుగుతారు. గూడెం సంగతి చెప్పాలి, వేల్పు సంగతి చెప్పాలి. అప్పటిదాకా అందరిలో ఒకతెగా కూర్చున్న పిల్లను అందరూ తల తిప్పి చూస్తారు. ఆ చూపులు ఆమెకు షాపులో అలవాటే. వద్దు బాబోయ్, ఇక్కడ కూడానా! మనసు ఒక సాకు వెతికి పెట్టింది: పిండిలో పడి కాలిందిగా, ఇంకా మామిడి ఎలా అవుతుంది? నోట్లో పెట్టుకుంది. పాపిష్టిది, ఎంత బాగుందో! నవ్వుతూ ఫ్రెంచిలో గడగడా చెప్పేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్న ఏంజెల్ అదంతా ఫోనులో వీడియో తీసి స్టేటస్‌లో పెట్టింది. ఏంజెల్‌ది తప్పనలేం. చర్చి వీధి పిల్ల, ఆమెకేం తెలుసు?

ఇంటికి వచ్చాక గాని శ్రావణికి తను చేసిన పనేమిటో తెలిసిరాలేదు. తండ్రికి చెబుదామని నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. తర్వాతి ఆదివారం క్లాసుకు వెళ్లింది గానీ, ఎంతో ఇష్టమైన పాట కూడా నోట పలకలేదు.

పండగనాటికి ఆ వీడియో చేతులు మారి మారి గూడెం చేరింది. తలకు స్నానం చేసి, వేల్పు ముందు కాయల బుట్ట పెట్టి బొజ్జయ్య పూజకు సిద్ధంగా ఉన్నాడు. జనం గుమిగూడారు. బొజ్జయ్యకు వరసకు తమ్ముడయ్యే లచ్చయ్య ఫోను పట్టుకుని వచ్చాడు.

"బిడ్డా, గిదేంది? పచ్చగ కనబడ్తున్నది. మామిడిపండేనా?"

లచ్చయ్య చెడ్డవాడు కాదు. కాదని చెప్పవే తల్లీ అన్న వేడుకోలే ఆయన గొంతులో ఉంది. అవునంటే బొజ్జయ్య అందరూ చూస్తుండగా పక్కకు తప్పుకోవాలి.

"గుమ్మడికాయ, చిన్నాయనా," అంది శ్రావణి.

"నిజమేనా?"

"అవ్."

బొజ్జయ్య కూతురి మొహం వంక ఒకసారి చూశాడు. "ఇగ జల్దీ కానియ్యిరి, ఎండెక్కుతున్నది" అని వేల్పు వైపు తిరిగాడు. పూజ జరిగింది, డోళ్లు మోగాయి. హమ్మయ్య, గండం గడిచిందని శ్రావణి ఊపిరి పీల్చుకుంది.

ముందు పెద్దలకు ముక్కలు పంచి, బొజ్జయ్య ఆమె దగ్గరికి వచ్చాడు. దోసిట్లో ఒక ముక్క పెట్టాడు. ఆమె నోట్లో వేసుకుంటుంటే వంగి, ఆమెకొక్కదానికే వినబడేలా అన్నాడు.

"ఇప్పుడు తినాలె, బిడ్డా. గప్పుడు గాదు."

శ్రావణి తలెత్తి తండ్రి వంక చూసింది. ఆయనకు తెలుసు! తెలిసే వేల్పు ముందు నిలబడ్డాడు. ఎన్నడూ నియమం తప్పని మనిషి, కూతురు నలుగురిలో నవ్వులపాలు కాకూడదని ఆ అబద్ధాన్ని తన నెత్తిన వేసుకున్నాడు. ఛీ, నాదీ ఒక బతుకేనా అనిపించి ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే అందరికీ తెలిసిపోతుందని అదీ దిగమింగుకుంది.

అందరూ తినడం అయ్యాక బొజ్జయ్య లచ్చయ్యను పిలిచాడు.

"వచ్చే ఏడు సంది పూజ నువ్వే చెయ్యాలె. నాతోని గాదు. చేతులు వణుకుతున్నయ్."

"గిట్ల ఉన్నట్టుండి ఏందన్నా?" అన్నాడు లచ్చయ్య బిత్తరపోయి.

బొజ్జయ్య కత్తి అందుకున్నాడు. కూర్చుని, బుట్టలో మిగిలిన కాయలు తీసి పిల్లల కోసం సన్నగా ముక్కలు కోయసాగాడు. శ్రావణి ఆ చేతులనే చూస్తూ నిలబడిపోయింది. అవి వణకడం లేదు.