పరస్థానం పెట్టిన సంచి

మొన్న మా చెల్లెలి కూతురు ఏదో దేశం పోతూ మా ఇంట్లో ఒక పూట ఆగింది. దాని సంచిలో రూపాయి బిళ్ళంత వస్తువొకటి వేసుకుంది. అది ఉంటే సంచి ఎక్కడున్నా ఫోనులో చుక్కలా కనిపిస్తుందట. అది చూపించి మురిసిపోతుంటే, మెచ్చుకోవాల్సింది పోయి నేను కళ్ళు తుడుచుకున్నాను. పెద్దమ్మకి ఏమైందో పాపం దానికి అర్థం కాలేదు. మీలో తొంభై ఆరు తుఫానుని కోనసీమలో ఉండి చూసినవాళ్ళుంటే వాళ్ళకి కొంత అర్థమవుతుంది.

అప్పుడు నేను అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరు మురమళ్ళకి దగ్గరే. తుఫాను రోజు నాన్నగారు సెంటర్ నుంచి వస్తూ, వీపు మీద తనంత సంచి మోసుకుంటూ వానలో దిక్కు తోచక నిలబడ్డ తెల్లమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు. ఒంటరిగా దేశమంతా తిరిగి, గోదావరి సముద్రంలో కలిసేచోటు చూసి మద్రాసు పోదామని వచ్చిందట. ఆ గాలికి మా పెంకుటింటి కప్పు సగం లేచిపోయింది. నాన్నగారు చంటిపిల్లల్లా పెంచుకున్న కొబ్బరితోట తెల్లారేసరికి నేల మీద పడుకుంది. మా పెరట్లోంచి అంత ఆకాశం కనిపిస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు, తెలియకపోయినా బాగుండేది. నాన్నగారు రెండు పూటలు అన్నం ముట్టలేదు. మామ్మ, అంటే మా నాన్నగారి అమ్మ, కొడుకు తినకపోయేసరికి ఆ ముద్దలన్నీ ఆ అమ్మాయికి కలిపి పెట్టేది. ఆ పిల్ల కూడా ఏం పెడితే అది తిని, మాతోపాటు విరిగిన పెంకులు ఏరింది.

అయితే దాని భయం దానికుంది. శనివారం సాయంత్రం మద్రాసులో విమానం ఎక్కి బ్యాంకాక్ వెళ్ళిపోవాలి, వీసా గడువు కూడా ఆ రోజుతోనే సరి. దాటితే జైల్లో వేస్తారని తోటి ప్రయాణికులెవరో దాని బుర్రలో ఎక్కించారు. ఫోన్లు మూగబోయాయి, బస్సులు లేవు, రోడ్డంతా పడ్డ చెట్లే. పాస్‌పోర్టులో వీసా ముద్ర తీసి చూపిస్తూ, ఇవాళైనా దారి తెరుస్తారా అని గంటకోసారి నన్నడిగేది. మా ఏడుపే మాకు చాలినంత ఉన్నా, ఈ పిల్ల గొడవేమిటని ఇంట్లో ఎవరూ విసుక్కోలేదు. ఏం చేయాలో మాత్రం ఎవరికీ తోచలేదు.

చివరికి తుఫాను వెళ్ళిన వారానికి, గురువారం కబురొచ్చింది. సాయం బియ్యం దించిన లారీ ఒకటి శుక్రవారం పొద్దున్నే జొన్నాడ దాకా తిరిగి వెళుతుందని. అక్కడ హైవే ఎక్కితే రాజమండ్రి, రాజమండ్రిలో మద్రాసు రైలు. మేం ఊపిరి పీల్చుకునేలోగా మామ్మ అడ్డం తిరిగింది.

"శుక్రవారం పూట ఆడపిల్లని పంపించేస్తావుట్రా? ఇప్పటికి పోయిన లక్ష్మి చాలదా?"

"ఆ పిల్ల మన పిల్ల కాదు కదమ్మా, విమానం మన వారాలు చూసుకుని ఆగదు" అన్నారు నాన్నగారు.

"మన కంచంలో అన్నం తిన్నాక మన పిల్ల కాకుండా ఎలా పోద్దిరా!"

ఆవిడతో వాదించే ఓపిక లేక, డ్రైవరుతో మాట్లాడడానికి నాన్నగారు నన్ను తీసుకుని సెంటర్‌కి వెళ్ళారు. అమ్మ అప్పటికే బడి దగ్గర బియ్యం పంచుతుంటే వెళ్ళి వరసలో నిలబడింది. ఇంట్లో మిగిలింది మామ్మా, ఆ అమ్మాయీ.

పరస్థానం సంగతి మన కాలంవాళ్ళకి చెప్పక్కర్లేదు. ప్రయాణం రోజు మంచిది కాకపోతే, ముందే మంచి ఘడియ చూసి సంచి తీసుకెళ్ళి పొరుగింట్లో పెట్టేసేవారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క, సంచి మళ్ళీ ఇంట్లోకి తేకూడదు. గురువారం సాయంత్రం మంచి ఘడియ ఉందట. ఆ అమ్మాయి నూతి దగ్గర స్నానం చేస్తుండగా మామ్మ పక్కింటి అత్తయ్యగారిని పిలిచి, ముత్తైదువ చేత్తో సంచి మోయించి, వాళ్ళ డాబాలో పెట్టించింది. పాస్‌పోర్టూ విమానం టిక్కెట్టూ అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ పిల్ల వచ్చి సంచి ఏదని సైగ చేస్తే మామ్మ నవ్వుతూ వీధి వైపు చెయ్యి ఊపి, వెళ్ళిపోయింది, ఇక రాదు అని చూపించింది. పాపిష్టిది ఆ చెయ్యి, అని తర్వాత ఆవిడే తిట్టుకుంది.

మేం లారీ ఖాయం చేసుకుని సంతోషంగా వచ్చేసరికి మామ్మ తడి తువ్వాలు పట్టుకుని వీధిలోకీ ఇంట్లోకీ తిరుగుతోంది. ఆ పిల్ల గుండెలు బాదుకుని, కట్టుకోడానికి నేనిచ్చిన లంగాఓణీతోనే, చెప్పులైనా లేకుండా పరుగెత్తిందట. వెతగ్గా వెతగ్గా ముమ్మిడివరం వైపు పోయే కాలవగట్టు మీద, దారికడ్డంగా పడ్డ చెట్టు పక్కన కూలబడి కనిపించింది. కాళ్ళు చీరుకుపోయాయి. పోలీసుల దగ్గరకి పోవాలని బయల్దేరి, చెట్టు ఎక్కలేక ఆగిపోయింది. సంచి భద్రంగా ఉందనీ, నీకంటే ముందు అది బయల్దేరిందనీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. నా చెయ్యి విదిలించి కొట్టి, మీరంతా పిచ్చివాళ్ళని అరిచింది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది.

తీరా తీసుకొస్తే అత్తయ్యగారి ఇంటికి తాళం! తమ్ముడి మీద గోడ కూలిందని కబురొస్తే ఆవిడ తాళంచెవి బొడ్లో దోపుకుని పరుగున పక్కూరు వెళ్ళిపోయింది. కిటికీలోంచి చూపించాం. పీట మీద సంచి ఉంది, పసుపూ కుంకుమా పెట్టి. ఆ పిల్ల కిటికీ ఊచలు పట్టుకుని ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. అక్కణ్ణుంచి కదలనంది. నేనూ అమ్మా ఆ అరుగు మీదే దానికి తోడు పడుకున్నాం.

తెల్లారింది, అత్తయ్యగారు రాలేదు. లారీ వచ్చి వీధి మొగలో హారన్ కొడుతోంది. పొరుగింటి తాళం పగలగొట్టడమంటే నాన్నగారికి తల కొట్టేసినట్టే, అయినా గునపం తెచ్చి ఒక్క దెబ్బ వేశారు. ఆ పిల్ల సంచి విప్పి, పాస్‌పోర్టు చూసుకుని, నన్ను కావిలించుకుంది. అంతలో ఏం గుర్తొచ్చిందో "మామ్మా!" అంటూ మా ఇంటి వైపు పరుగెత్తింది.

మామ్మ తలుపు సందులోంచి అంతా చూస్తూనే ఉంది. తాతగారు పోయిన దగ్గర్నుంచి ఆవిడ ఎవరి ప్రయాణానికీ ఎదురు వచ్చేది కాదు. తన మొహం చూస్తే వెళ్ళిన పని చెడుతుందని ఆవిడ నమ్మకం. ఆ పిల్ల మెట్టెక్కేలోగా దాని మొహం మీదే తలుపు మూసి గడియ పెట్టేసింది. ఆ పిల్ల తలుపు తట్టింది, పిలిచింది, నా వైపు తిరిగి, నిన్న అరిచానని కోపమా అని అడిగింది. కాదు కాదన్నాను. ఒక జీవితకాలపు నమ్మకాన్ని ఆ కాస్తలో ఎలా చెప్పను?

"తొరగా రండమ్మా, చెట్లు కొట్టేవోళ్ళు మళ్ళీ దారి కట్టేత్తారు!" అని డ్రైవరు కేకేశాడు. నాన్నగారు ఆ పిల్లని లారీ ఎక్కించారు. ఖాళీ గోతాల మీద కూర్చుని, మలుపు తిరిగేదాకా మూసిన తలుపునే చూస్తూ వెళ్ళింది.

లోపల మామ్మ నోట్లో కొంగు కుక్కుకుని కూర్చుంది. "ఎదురెవరొచ్చేరే?" అంది. నిండు బిందెతో ఎవరో పిల్ల వచ్చిందని అబద్ధం చెప్పాను. అమ్మయ్య, అయితే చేరిపోతుంది అంది.

చేరిందో లేదో మాకు తెలియదు. ఆ హడావిడిలో చిరునామాలు ఇచ్చిపుచ్చుకోవాలని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు పరస్థానాలు లేవు, వారాలు చూసేవాళ్ళు లేరు. నాన్నగారు పోయాక మా అమ్మని మేం తలుపు వెనక నిలబడనివ్వలేదు, చెయ్యి పట్టుకుని తెచ్చి ప్రతి ప్రయాణానికీ ఎదురు నిలబెట్టాం. అలాంటి నమ్మకాలు పోయాయి, పోవాల్సినవే. వాటితోపాటు, ముక్కూమొహం తెలియని పిల్ల కోసం అంతగా భయపడేవాళ్ళూ పోయారు. తల్లీ, నువ్వెక్కడున్నావో, నీకిప్పుడు నా వయసే ఉంటుంది. మా మామ్మ నీ మీద కోపంతో తలుపు వేయలేదమ్మా. నువ్వు క్షేమంగా చేరాలని వేసింది.